అక్క చెప్పిన సగం పట్టిక

పోయిన నెలలో మా అక్క రాజ్యలక్ష్మి చనిపోయింది. నందిగామలో వాళ్ళింట్లోనే, మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయిందని బావగారు ఫోను చేశారు. నేను హైదరాబాదు నుంచి బయలుదేరి వెళ్ళాను. పదకొండో రోజు దాకా అక్కడే ఉన్నాను. ఆ రోజు భోజనాల వేళ ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని ఒక మాట అంది. అప్పటినుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. అది నాకెందుకంత తగిలిందో తెలియాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నేను చేసిన పని ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరికీ చెప్పలేదు.

మా చిన్నప్పుడు ఇల్లు జగ్గయ్యపేటలో, బస్టాండుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది. ఇంటి ముందు నుంచి సున్నపురాయి లారీలు పొద్దస్తమానం పోతూ ఉండేవి. వాకిట్లో గచ్చు మీద, కిటికీ ఊచల మీద, తులసికోట మీద సన్నటి తెల్లదుమ్ము పేరుకునేది. అమ్మ రోజుకి రెండుసార్లు తడిగుడ్డతో తుడిచేది. తుడిచి వెనక్కి తిరిగేలోపు మళ్ళీ ఇంకో లారీ. "ఈ దుమ్ము నాతోనే పోతుంది" అనేది అమ్మ విసుగ్గా. మాఘమాసం దాటిందంటే ఊళ్ళ నుంచి ఎండుమిరప బస్తాలు దిగేవి. ఇక వీధి వీధంతా ఘాటు. గుమ్మంలోకి ఎవరొచ్చినా రెండు తుమ్ములు తుమ్మాకే మాట మొదలుపెట్టేవాళ్ళు.

నాన్న బస్టాండులో కంట్రోలరు. ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్ళింది రాసుకోవడం, జనం అడిగినదానికి జవాబు చెప్పడం ఆయన పని. డ్యూటీ దిగి ఇంటికి రాగానే పెరట్లో కాళ్ళు కడుక్కుని, ఖాకీ చొక్కా విప్పి దండెం మీద వేసి, అమ్మ ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగేవారు. కూర్చుని తాగితే నిద్ర వస్తుందని ఆయన నమ్మకం. ఆ చొక్కాలో డీజిలు, చెమట, సిరా కలిసిన వాసన ఉండేది. ఇప్పటికీ ఏ బస్టాండులోనైనా కంట్రోలరు గది ముందు నుంచి నడిస్తే నా అడుగు కాస్త నెమ్మదిస్తుంది.

నాన్న దగ్గర ఒక దూరాల పట్టిక ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లో గళ్ళలో నింపిన కాగితం. అయితే అది నలుచదరంగా ఉండేది కాదు. రెండో ఊరికి ఒక గడి, మూడో ఊరికి రెండు, నాలుగో ఊరికి మూడు, అలా కిందికి పోయేకొద్దీ మెట్లలా విచ్చుకునేది. కాగితం మడతల దగ్గర చిరిగినప్పుడల్లా అక్క స్కేలు పెట్టి కొత్తది గీసేది. ఆ పని తనదే. అక్షరాలు అచ్చులో పోసినట్టు ఉండేవి. అక్కకి పదకొండేళ్ళు, నాకు ఏడు ఉంటాయేమో, ఒకరోజు నేను అడిగాను.

"మిగతా సగం గియ్యవా?"

అక్క తలెత్తలేదు. నాన్నే చెప్పారు. "జగ్గయ్యపేట నుంచి నందిగామ ఎంతో, నందిగామ నుంచి జగ్గయ్యపేట అంతే కదటే. రెండుసార్లు రాస్తే రెండుసార్లు తప్పు రాస్తాం."

అప్పుడు అక్క పెన్ను ఆపింది. "అయితే నాన్నా, బస్సుల టైములు మాత్రం సగం రాస్తే కుదరదు కదా?"

"ఎందుకు కుదరదో చెప్పు."

"వేదాద్రి వెళ్ళే బస్సు టైము వేరు, వేదాద్రి నుంచి వచ్చే బస్సు టైము వేరు. అది రెండువైపులా రాయాల్సిందే."

నాన్న ఆ పూట ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. తింటూ అమ్మతో, "దీన్ని ఎంతవరకు చదువుతానంటే అంతవరకు చదివించాలే" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చి అన్నంలో నెయ్యి వద్దన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

అక్క నందిగామ కాలేజీలో లెక్కలతో డిగ్రీ చేసింది. రోజూ పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు, చిల్లకల్లు దగ్గర ఎక్కే అమ్మాయికి సీటు ఆపడం, ఇవన్నీ నాకు కథల్లా చెప్పేది. డిగ్రీ అయిన మూడేళ్ళకి నందిగామలోనే ఒక మేడ మీద కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్లో చేరింది. అప్పట్లో అదొక వింత. చెప్పులు బయట విడవాలి, లోపల చల్లటి గది, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. రెండే రెండు మిషన్లు, పదిమంది పిల్లలు, ఒక్కొక్కరికి వంతు. మొదటిరోజు ఇంటికొచ్చి అక్క అమ్మ చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పింది. "అమ్మా, అది మనం చెప్పింది చెప్పినట్టు చేస్తుందే! తప్పు చెప్తే తప్పు చేస్తుంది!" అంది. అమ్మ, "నాన్న కూడా అంతే, చెప్పింది చేస్తారు, ఆలస్యంగా" అని నవ్వింది.

అక్క ఆ సెంటరుకి మూడు నెలలే వెళ్ళింది. ఒక పొద్దున్న అమ్మ దోసె తిప్పుతూ తిప్పుతూ అట్లకాడ వదిలేసింది. వంగి తీయబోయి అలాగే ఒరిగిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ముద్దయింది. పెనం మీద దోసె మాడిన వాసన ఇల్లంతా కమ్మింది. ఎవరికీ స్టవ్ ఆపాలని తోచలేదు. విజయవాడ ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాక అమ్మని లేపడం, కూర్చోబెట్టడం, తుడవడం, నూనె మర్దన చెయ్యడం, తినిపించడం, ఒక మనిషి పూర్తిగా ఇంట్లో ఉండాల్సిన పని అయింది. నాన్న ఉద్యోగం మానలేరు. నాకు డిగ్రీ పరీక్షలు అప్పుడే అయిపోయాయి. నేను ఉంటానని అనవచ్చు. అనలేదు. అక్క అంది. "నేనుంటా. ఆ కంప్యూటర్ సీటులోకి దీన్ని పంపండి నాన్నా. ఖాళీ పోకూడదు."

అలా అక్క కుర్చీలో నేను కూర్చున్నాను.

నాకు మొదట్లో ఏమీ అర్థమయ్యేది కాదు. సాయంత్రం ఇంటికి రాగానే అక్క, "ఇవాళ ఏం చేసారే? మొత్తం చెప్పు" అనేది. అమ్మ మంచం పక్కన పీట వేసుకుని, అమ్మ కాలికి నూనె రాస్తూ వినేది. మాస్టారు బోర్డు మీద రాసినవి నేను అర్థం కాకుండానే నోటుపుస్తకంలోకి ఎక్కించుకొచ్చేదాన్ని. అక్క విని, నాన్న పాత డ్యూటీ కాగితాల వెనక ప్రోగ్రాం రాసి ఇచ్చేది. మర్నాడు నేను వెళ్ళి దాన్ని కొట్టేదాన్ని. అది నడిచేది. నడవకపోతే ఏ వరుసలో ఆగిందో చెప్పేదాన్ని, అక్క కళ్ళు మూసుకుని, "ఆ ఒకటి బదులు సున్నా పెట్టు" అనేది. మిషన్ మొహం చూడకుండా మిషన్ లోపల ఏం జరుగుతోందో అక్కకి తెలిసేది. నాకు మీటలు తెలుసు. అంతే. మాస్టారు మాత్రం నేనే చురుకైనదాన్ని అనుకునేవారు. నేను కాదనలేదు. అక్క రాసిచ్చిన కాగితం చూసి కొడుతున్నానంటే నన్ను పంపేసి అక్కని రమ్మంటారేమోనని ఒక భయం ఉండేది. అక్కకి రావడం కుదరదని నాకు బాగా తెలుసు. అయినా ఆ భయం ఉండేది.

ఆ రోజుల్లోనే మా దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ ఒకదాంట్లో కొత్తగా కంప్యూటర్ పెట్టారు. బస్తాలు ఏ ఊరి గోడౌను నుంచి ఏ ఊరికి పంపితే దగ్గరో చెప్పే ప్రోగ్రాం కావాలని మాస్టారిని అడిగారట. ఆయన నన్ను పంపారు. అక్కడి కంప్యూటర్ విభాగం పెద్ద రంగనాథం గారని, అరవై దగ్గరపడిన మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని మాట్లాడేవారు. నూట డెబ్బై ఊళ్ళ పేర్లున్న జాబితా నా చేతికిచ్చి, "వీటి మధ్య దూరాలన్నీ ఇందులో పట్టాలమ్మా. నీకు పదిరోజులు" అన్నారు. పని నచ్చితే ఉద్యోగమే ఇస్తారని మాస్టారు ముందే చెప్పారు.

నేను నూట డెబ్బై వరుసలు, నూట డెబ్బై నిలువులు ఉన్న పట్టిక పెట్టాను. మిషన్ 'ఔట్ ఆఫ్ మెమరీ' అంది. అప్పటి మిషన్ల జ్ఞాపకం ఎంతని చెప్పను? ఇప్పుడు ఫోనులో మనం తీసే ఒక్క ఫొటో కూడా వాటిలో పట్టదు. ఇరవై ఎనిమిది వేల తొమ్మిది వందల గళ్ళు పెట్టేసరికి ఆ జ్ఞాపకం నిండిపోయింది, ఇక ప్రోగ్రాం నిలబడటానికి చోటు లేదు. ఊళ్ళు తగ్గిస్తే నడుస్తుంది. ఊళ్ళు తగ్గించడానికి రంగనాథం గారు ఒప్పుకోరు. ఆరురోజులు కొట్టుకున్నాను. మాస్టారు కూడా ఇంకాస్త పెద్ద మిషన్ కావాలనేశారు.

ఏడో రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. అక్క వసారాలో చాప మీద కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. అమ్మ గోడకి ఆనుకుని చూస్తోంది. నేను ఏడుపు మొహంతో అంతా చెప్పాను. అక్క వింటూ వింటూ, "మొత్తం పట్టిక పెట్టావా?" అంది.

"మొత్తం పెట్టకపోతే ఎలాగే?"

"నాన్న పట్టిక సగమేగా!"

"అది కాగితం అక్కా. మిషన్లో మెట్లు మెట్లుగా పెట్టడానికి ఉండదు. నలుచదరమే ఉంటుంది. లేదా ఒకటే వరుస."

"ఒకటే వరుస ఉంటుందా?" అని అక్క చెయ్యి ఆపింది. తర్వాత చాప మీద తొడిమలు పేర్చడం మొదలుపెట్టింది. పైన ఒకటి. దాని కింద రెండు. దాని కింద మూడు. నాలుగు. అలా ఏడు వరుసలు. "తనకి తాను దూరం సున్నా కదా, ఆ సున్నాలు కూడా ఉంచేద్దాం. లేకపోతే లెక్క ఇంకో మెలిక తిరుగుద్ది. ఇప్పుడు చూడు. వీటన్నిటినీ తీసి ఒకే వరుసలో పెట్టేసా అనుకో. ఏడో ఊరికీ మూడో ఊరికీ మధ్య దూరం ఎక్కడుంటుంది?"

నేను వేలితో లెక్కపెట్టబోయాను. నా చేతి మీద ఒక్కటి వేసింది. కారం చెయ్యి, మండింది.

"లెక్కపెట్టకు. ఏడో వరుస పైన ఆరు వరుసలున్నాయి. ఒకటీ రెండూ మూడూ నాలుగూ అయిదూ ఆరూ. కలిపితే ఇరవై ఒకటి. ఏడుని ఆరుతో హెచ్చవేసి సగం చేసినా ఇరవై ఒకటే. దానికి మూడు కలుపు. ఇరవై నాలుగోది. పోయి ఇరవై నాలుగోది తీసుకో, అంతే."

"మూడో ఊరి నుంచి ఏడో ఊరికి అడిగితే?"

"పెద్దది ముందు పెట్టి అడగమను. దూరం అదే కదా."

నేను కాగితం తెచ్చుకుని రాసుకున్నాను. నూట డెబ్బై ఊళ్ళకి పద్నాలుగు వేల అయిదు వందల ముప్పై అయిదు చాలు. సగానికి కాస్త ఎక్కువ. అమ్మ కుడిచెయ్యి ఎత్తి ఏదో అంది. ఆ ముద్దమాట అక్కకి మాత్రమే తెలిసేది. "ఏమంటోంది?" అన్నాను. "మిరపకాయలు తొక్కుతున్నావంటోంది, కాలు తియ్యి" అంది అక్క.

మర్నాడు అది నడిచింది. నూట డెబ్బై ఊళ్ళూ పట్టాయి, ప్రోగ్రాంకి కాళ్ళు చాపుకునే చోటు మిగిలింది. రంగనాథం గారు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి ఊళ్ళ పేర్లు అడిగి, జవాబుల్ని తన దగ్గరున్న కాగితంతో సరిచూసుకున్నారు. తర్వాత నా ప్రోగ్రాం అంతా చదివారు. ఆ ఒక్క వరుస దగ్గర వేలు ఆపారు.

"ఇదెవరు చెప్పారమ్మా నీకు? మీ మాస్టారా?"

"కాదండి."

"మరి?"

"నేనే అండి."

ఆ రెండు మాటలూ ముందే తయారుచేసుకున్నవి కావు. మా అక్క అని చెప్పాలనే నోరు తెరిచాను. ఆ క్షణంలో ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి నన్ను చూసిన చూపు ఉంది చూడండి, నన్ను అలా ఎవరూ అంతవరకు చూడలేదు. మా ఇంట్లో ఆ చూపు ఎప్పుడూ అక్కదే. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు. "సోమవారం నుంచి వచ్చెయ్. కాగితాల సంగతి నేను చూసుకుంటా" అన్నారాయన.

ఇంటికొచ్చేసరికి అక్క అమ్మకి పప్పన్నం తినిపిస్తోంది. ఉద్యోగం వచ్చిందనగానే ఎంగిలిచేత్తోనే నన్ను వాటేసుకుంది. "పట్టిందా? మొత్తం పట్టిందా? ఎలా తట్టిందని అడిగారా?" అంది. మొహమంతా వెలిగిపోతోంది.

"అడగలేదే. పని అయింది, అంతే."

"అవున్లే, వాళ్ళకి పని కావాలి గానీ" అంది. ఆ వెలుగు కొంచెం తగ్గిందని నాకిప్పుడు అనిపిస్తుంది. అప్పుడు చూశానో లేదో గుర్తులేదు.

దసరాకి ఆయుధపూజ రోజున ఫ్యాక్టరీలోకి ఇళ్ళవాళ్ళని రానిచ్చేవారు. కంప్యూటర్‌కి కూడా బొట్టు పెట్టి బంతిపూల దండ వేసేవాళ్ళు. నాన్న సెలవు పెట్టి అమ్మ దగ్గర కూర్చుంటానన్నారు. అక్క వస్తానంది. చిలకాకుపచ్చ చీర కట్టుకుంది, కనకాంబరాలు పెట్టుకుంది. ఇంట్లోంచి అలా బయటికి వచ్చి ఎంతకాలమైందో, దారిపొడుగునా బస్సు కిటికీలోంచి తల తిప్పలేదు. గదిలోకి వెళ్ళాక నా మిషన్ ముందు నిలబడి ఒక్క వేలితో ఒక మీట తాకింది. నొక్కలేదు. "మెత్తగా ఉన్నాయే ఇవి. నందిగామలోవి గట్టిగా ఉండేవి" అంది.

అప్పుడు రంగనాథం గారు ప్రసాదం పొట్లాలు పంచుతూ వచ్చారు. నేను పరిచయం చేశాను. ఆయన సంతోషంగా, "మీ చెల్లెలు మామూలు మనిషి కాదమ్మా. సగం మెమరీలో మొత్తం పట్టించింది. ఎవరూ చెప్పకుండా సొంతంగా కనిపెట్టింది తెలుసా?" అన్నారు.

అక్క నావైపు చూసింది. ఒక్కసారే. నేను బంతిపూల దండ వైపు చూశాను. అక్క ఆయనవైపు తిరిగి, "అవునండి. చిన్నప్పటినుంచీ అంతే. మా ఇంట్లో లెక్కలంటే అదే" అంది.

తిరుగు బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక సీటు దొరికితే అక్క నన్ను కూర్చోబెట్టి తాను నిలబడింది. "నిలబడితే నీకు కళ్ళు తిరుగుతాయి, కూర్చో" అంది. నేను చెప్పేద్దామనుకున్నాను. ఇంటికెళ్ళాక చెప్దామనుకున్నాను. ఇంటికెళ్ళాక అమ్మ పక్క మార్చే వేళయింది. రేపు చెప్దామనుకున్నాను. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు. అక్క తిట్టలేదు, అలగలేదు, కోపం ఒక్కరోజు కూడా చూపించలేదు. కానీ "ఇవాళ ఏం చేసావే?" అని అడగడం మానేసింది. సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే, "తిన్నావా?" అనేది. మొదట్లో నేనే చెప్పబోయేదాన్ని. అక్క వినేది, ఊఁ కొట్టేది, నూనె గిన్నె తీసుకుని లేచేది. డ్యూటీ కాగితాలు వెనకవైపు తెల్లగానే ఉండిపోయేవి. నాకు దొరికింది ఉద్యోగం. నేను పోగొట్టుకున్నదేమిటో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అమ్మ అలా మంచంలో ఏళ్ళ తరబడి బతికింది. ఈలోపు నేను హైదరాబాదు వెళ్ళి ఇంకా చదివాను, కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను, పెళ్ళి చేసుకున్నాను. చదివేటప్పుడే ఒకరోజు లైబ్రరీలో ఒక పాత పుస్తకంలో అక్క చెప్పిన లెక్క కనబడింది. అడ్డంగా చదివినా నిలువుగా చదివినా ఒకటే అయిన పట్టికని సౌష్ఠవ మాత్రిక అంటారు, దాన్ని సగమే దాచి ఒకే వరుసలో పెట్టుకోవచ్చు, ఫలానా గడి ఎక్కడుందో ఇలా తెలుసుకోవచ్చు అని ఉంది. అక్షరం తేడా లేదు. నేను పుట్టకముందే ఎవరో రాసిపెట్టారు. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ క్షణం నాకు ఎంత హాయిగా అనిపించిందో! అది అక్కది కాదు. కాబట్టి నేను అక్క దగ్గర తీసుకున్నదేమీ లేదు. ఆ పేజీ జిరాక్సు తీయించి, పనిగట్టుకుని జగ్గయ్యపేట వెళ్ళి అక్కకి చూపించాను. "చూసావా, ఇది ఎప్పటినుంచో ఉందటే" అన్నాను.

అక్క కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది. చదివి, "అయితే సరిగ్గానే వచ్చిందన్నమాట మన లెక్క" అంది.

'మన' అంది. నేను మర్నాడు పొద్దున్న బస్సుకే వెళ్ళిపోయాను.

అమ్మ పోయాక అక్కకి పెళ్ళయింది. బావగారిది నందిగామలో పుస్తకాల కొట్టు. నెమ్మదస్తుడు. అక్క అక్కడే ఒక చిన్న బడిలో లెక్కల టీచరుగా చేరి, సాయంత్రాలు ఇంట్లో పిల్లలకి చెప్పేది. నాన్న చివరి రోజులు కూడా అక్క దగ్గరే గడిచాయి. నేను ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళి వచ్చేదాన్ని. గోంగూర పచ్చడి సీసాలో పెట్టి ఇచ్చేది. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ ఆగుతుందో చెప్పేది. పిల్లలకి ఏం చెప్తోందో నేనెప్పుడూ అడగలేదు. అడిగే హక్కు పోయిందనిపించేది.

పదకొండో రోజున అక్క చదువు చెప్పినవాళ్ళు చాలామంది వచ్చారు. విస్తళ్ళ ముందు నా పక్కన కూర్చున్న అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. పేరు స్రవంతి. మైలవరంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తుందట. నేను ఎవరో తెలియగానే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది.

"మిమ్మల్ని ఎప్పుడు చూస్తానా అనుకునేదాన్నండి. టీచర్ గారు మాకు తొమ్మిదో తరగతిలోనే చెప్పారు, పట్టికని సగంలో ఎలా దాచాలో. 'ఇది మా చెల్లెలు కనిపెట్టింది, దానికప్పుడు ఇరవై ఏళ్ళు' అని చెప్పాకే మొదలుపెట్టేవారు. మీ పేరు చెప్పకుండా ఆ పాఠం ఎప్పుడూ చెప్పలేదండి. అది వినే నేను కంప్యూటర్స్ తీసుకున్నా."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. చుట్టూ వడ్డించేవాళ్ళు, సాంబారు బకెట్లు, పిల్లల అరుపులు. ఇంక ఆలస్యం చేస్తే ఇక చెప్పలేనని తెలుసు. "అది నాది కాదమ్మా" అన్నాను. "మీ టీచరుది. నాకు చెప్పింది తను. నేను నాదని చెప్పుకుని ఉద్యోగం తెచ్చుకున్నా."

స్రవంతి నా మొహంలోకి చూసింది. ఆశ్చర్యపోలేదు. ఏడుస్తూనే చిన్నగా నవ్వింది.

"మీరు ఇలాగే అంటారని టీచర్ గారు చెప్పారండి. 'అడిగితే ఒప్పుకోదు, అక్కదే అంటుంది, దానికి నేనంటే అంత ప్రేమ' అనేవారు."

నేను మళ్ళీ చెప్పాను. మిరపకాయల సంగతి, రంగనాథం గారి సంగతి, ఆయుధపూజ సంగతి, అన్నీ వరసగా చెప్పాను. ఎదురు వరుసలోంచి బావగారు కూడా వింటున్నారు. నేను ఆపాక ఆయన లేచి వచ్చి నా విస్తట్లో చూసి, "ఏమీ తినలేదమ్మా నువ్వు. ఇప్పుడు అవన్నీ ఎందుకు? ఆవిడ నీ గురించి ఎప్పుడూ గొప్పగానే చెప్పేది" అన్నారు. స్రవంతి నా భుజం నిమిరింది. చనిపోయిన అక్క మీద ప్రేమతో చెల్లెలు ఏదో అంటోందని వాళ్ళు అనుకున్నారు. నా మాట నమ్మించడానికి ప్రపంచంలో ఒకే ఒక మనిషి సాక్ష్యం కావాలి. ఆ మనిషి ముప్పై ఏళ్ళపాటు ప్రతి ఏడూ ఒక గది నిండా పిల్లలకి నా తరఫున సాక్ష్యం చెప్పి వెళ్ళిపోయింది. ఎందుకలా చేసిందో నాకు తెలియదు. నన్ను క్షమించి చేసిందా, ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోలేక చేసిందా, నిజంగానే చివరికి అలా నమ్మిందా? అడిగి ఉంటే చెప్పేదేమో. నేను అడగలేదు.

స్రవంతి వెళ్ళేముందు, "మా పిల్లలకి ఒక్క గంట మాట్లాడండి మేడమ్" అంది. మరుసటి వారం మైలవరం వెళ్ళాను. యాభైమంది పిల్లలు, ఒక్కొక్కరి ముందూ ఒక కంప్యూటర్. అందులో ఏ ఒక్కదాంట్లోనైనా నూట డెబ్బై ఊళ్ళేమిటి, రాష్ట్రంలో ఉన్న ఊళ్ళన్నీ పెట్టుకున్నా ఉక్కిరిబిక్కిరి కాదేమో. ముందు వరుసలో ఒక కుర్రాడు మర్యాదగానే అడిగాడు, ఇప్పుడు ఇంత మెమరీ ఉండగా సగం మిగుల్చుకోవడం ఎందుకని. పెద్ద లెక్కలు ఎప్పుడూ మిషన్ కంటే ఒక అడుగు ముందే ఉంటాయని, ఇప్పటికీ సగమే దాస్తారని చెప్పాను. సుద్దముక్క అడిగి తీసుకుని, బోర్డు మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు గళ్ళు మెట్లలా గీశాను. సూత్రం రాశాను. దాని మీద పెద్ద అక్షరాలతో అక్క పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. ఇది నాకు చెప్పింది ఈమె అని, పుస్తకం చూడకుండా తనంతట తనే కట్టిందని, నాదని నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ స్రవంతి తల వంచుకుంది. ఈసారి నమ్మిందో లేదో తెలియలేదు.

పిల్లలు నోటుపుస్తకాలు తెరిచి బోర్డు చూసి రాసుకుంటున్నారు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, ఆ పేరు పరీక్షలో వస్తుందా?"

"రాదమ్మా" అన్నాను.

కొంతమంది రాయడం ఆపేశారు. కొంతమంది అప్పటికే రాసేశారు.